శిబిరము, ఎలుగుబంటి, విద్యుత్ కంచె
(తల్లిదండ్రుల సభలో మా సంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో మేము పరీక్షా ఫలితములను గూర్చి గాని, కట్టవలసిన గదులను గూర్చి గాని మాటాడబోవుట లేదు. ఎలుగుబంటిని గూర్చి మాటాడబోవుచున్నాము. పాఠశాల సంఘమునకు ఎలుగుబంటితో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. కాని నిరుడు దసరా సెలవులలో మన బాలభటులకు కొండ దాపున మూడు రాత్రుల శిబిరము నడుపవలెనని మేము తలపెట్టినప్పుడు ఒక తల్లి ఇదే గదిలో లేచి నిలిచి అడిగిన ప్రశ్న మీకు జ్ఞాపకముండును. “అయ్యా, పిల్లల్ని కొండ కింద పడుకోబెడతామంటున్నారు. రాత్రి కరడి వస్తే మీరేం చేస్తారు?” అని ఆమె అడిగినది. మా యొద్ద సమాధానము లేదు. సమాధానము లేనప్పుడు పిల్లలను తీసికొని పోవుట తగదని శిబిరమును మానివేసితిమి. అందులకు మేము సిగ్గుపడుట లేదు; ఆ తల్లికి కృతజ్ఞులమై యున్నాము.

అదే సభలో మరియొక మాట వినబడెను. ఒక రైతు సోదరుడు మంచి మనస్సుతోనే, “ఇంత ఆలోచనెందుకు? మోటారు లైనులో నుంచి ఒక తీగె లాగి డేరాల చుట్టూ కట్టేస్తే సరి. ఎలుగుబంటి కాదు, పందికూన కూడా దగ్గరికి రాదు” అనిరి. కొందరు తల లూపిరి. నిజము చెప్పవలెనన్న, ఆ తల్లి ప్రశ్న కంటె ఈ సోదరుని సలహాయే మమ్ము ఎక్కువగా భయపెట్టినది. ఆ నాటి నుండి ఈ విషయమై చదువగలిగినది చదివి, అడుగదగిన వారి నడిగి, కంటితో చూచి, చేతితో తాకి, ఈ దినమున మీ యెదుట నిలిచితిమి.

మేము చెప్పబోవు దానిలోని సారము ముందే చెప్పెదము. శిబిరమునకు ఎలుగుబంటి రాకుండ కాపాడు విద్యుత్ కంచె యొకటి కలదు. దానిని చుట్టగా చుట్టి వీపుపై మోసికొని పోవచ్చును. అది చంపదు; ‘ఇచ్చటికి రాకుము’ అని చెప్పును. లైను నుండి లాగిన తీగయు విద్యుత్తే, ఈ కంచెయు విద్యుత్తే. కాని ఆ రెండింటికి నడుమ గల భేదము విషమునకును మందునకును గల భేదము వంటిది. అంతే గాక, కంచె ఎలుగుబంటిని కట్టుట కంటె ఎక్కువగా లోపలనున్న మనలను కట్టును. ఈ సంగతి తెలియక కంచె కట్టుట కంటె కట్టకుండుటయే మేలు.

మొదట మన ఎలుగుబంటిని తెలిసికొందము. రామాయణము విన్న మన పిల్లలకు జాంబవంతుడు పరిచితుడే. మన చిన్నతనమున సంతలకు ఎలుగుబంటిని ఆడించువారు వచ్చెడివారు. దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి, భయము పోవునని బిడ్డ మెడలో కట్టిన పెద్దలు మీలోను ఉందురు. ఆ ఆట నేడు చట్టవిరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో మన ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో చేరిన జంతువు. అనగా పులికిని ఏనుగునకును గల రక్షణయే దానికిని కలదు. మనకు సమీపమున దరోజిలో ఎలుగుబంట్ల కొరకే 1994లో ఒక అభయారణ్యము ఏర్పడినది. బండలు, గుహలు, ముళ్ళపొదలు గల మన మెట్టకొండలు దానికి పుట్టినిండ్లు. మనము తరతరములుగా నివసించుచున్న యీ నేలపై అది మన కంటె ముందు నుండియు నున్నది.

దాని తిండి మాంసము కాదు. చెదపురుగులు, చీమలు, తేనె, రేగు, నేరేడు, తునికి, సీతాఫలము, ఇప్పపువ్వు దాని ఆహారము. పుట్టను గోళ్ళతో త్రవ్వి, మూతి ఆనించి, చెదలను గాలితో పీల్చుకొనును. పై ముందుపండ్లు రెండు లేకుండుట అందుల కనుకూలించును. ఆ పీల్చుడు చప్పుడు దూరమునకు వినబడును. చూపు మందము, ఘ్రాణశక్తి మిక్కుటము. అది మనిషిని తినుటకై వెదకి వచ్చునది కాదు. అయినను మన దేశమున ఎలుగుబంటి వలన గాయపడినవారు, చనిపోయినవారు అనేకులు గలరు. కారణమేమనగా, మనిషి హఠాత్తుగా ఎదురైనప్పుడు అది తప్పించుకొని పోవుటకు బదులు మీదికి దూకును. పులులు తిరుగు అడవులలో పిల్లలను వీపున మోసికొని పెరిగిన జాతి యది. పారిపోవుట కంటె ఎదిరించుటయే దానికి అలవాటైనది. తెల్లవారుజామున బయటికి పోవువారు, కట్టెలకు పోవువారు, చేనికి నీరు కట్టుటకు చీకటిలో నడచువారు, వీరికే అపాయ మెక్కువ.

మరి శిబిరమునకు అదేల వచ్చును? వాసనకు వచ్చును. చేలలోని వేరుశనగయు, మొక్కజొన్నయు, చెరకును దానికి రుచించును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున జీడిమామిడి, పనస తోటలలోనికి ఎలుగుబంట్లు వచ్చుట మన పత్రికలలో చదువుచునే యున్నాము. దరోజిలో అటవీశాఖ వారు బండలపై తీపి పూయుదురు. సాయంకాలమున ఎలుగుబంట్లు దిగివచ్చి నాకుచుండగా గోపురముపై నుండి ప్రజలు చూతురు. అది అభయారణ్యము గనుక, చూచువారు దూరమున నుందురు గనుక అచ్చట చెల్లినది. కాని మన వంటపాక వెనుక పారవేసిన బెల్లపు నీరును, అరటి తొక్కలును, నూనె గిన్నెయు అదే పని చేయును గదా! వద్దు వద్దనుచునే మనము విందునకు పిలిచిన వారమగుదుము.

ఈ పాఠమును మిగుల కష్టపడి నేర్చుకొన్న దేశము అమెరికా. అచ్చటి ఎలుగుబంట్లు జాతి వేరు, పరిమాణము వేరు. మన మగ ఎలుగుబంటి నూరు, నూట నలుబది కిలోలు తూగును. అలాస్కా తీరమున చేపలు తిని బలిసినది నాలుగువందల కిలోలు దాటును. అయినను తిండి విషయమున బుద్ధి ఒక్కటే. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానమున పూర్వము హోటళ్ళ చెత్తను కుప్పలు పోసి, ఎలుగుబంట్లు తినుచుండగా యాత్రికులు బల్లలపై కూర్చుండి చూచెడివారు. ఆ చెత్తకుప్పలను 1970 నాటికి మూసివేసిరి. అప్పటికే మనిషి తిండికి మరిగిన మృగములు డేరాల వైపు మరలినవి. అనేకములను చంపవలసి వచ్చినది. అంతకు ముందే 1967 ఆగస్టు 13వ తేదీ వేకువకు ముందు, గ్లేసియర్ జాతీయ ఉద్యానమున రెండు వేర్వేరు స్థలములలో, రెండు వేర్వేరు ఎలుగుబంట్ల వలన ఇద్దరు యువతులు ఆరుబయట నిద్రించుచు ప్రాణములు కోల్పోయిరి. 1910లో ఆ ఉద్యాన మేర్పడిన పిదప ఎలుగుబంటి మనిషిని చంపుట అదియే మొదలు. ఆ స్థలములలో ఒకచోట యాత్రికుల వినోదమునకై మిగిలిన తిండిని ఎలుగుబంట్లకు వేయు అలవాటుండెను. తప్పు మృగముదా, తిండి వేసిన చేతిదా? ఆ ప్రశ్నకు సమాధానముగనే అచ్చటి శిబిర నియమములన్నియు మారినవి.

ఇప్పుడు అలాస్కాలోని కట్మై జాతీయ ఉద్యానమును చూడుడు. అచ్చట బ్రూక్స్ క్యాంపు అను స్థలము కలదు. జూలై మాసమున జలపాతము నెదురీదు సామన్ చేపలను పట్టుటకు ఎలుగుబంట్లు గుమిగూడును; చూచుటకు మనుషులును గుమిగూడుదురు. అచ్చట దిగిన ప్రతివారును మొదట ఎలుగుబంట్ల యెడల మెలగవలసిన తీరును గూర్చి పాఠము వినవలయును. తరువాతనే లోనికి పోనిత్తురు. తిండి తినుటకు వేరు చోటు, దాచుటకు వేరు కొట్టు. డేరాలు వేయు స్థలము చుట్టును విద్యుత్ కంచె. అంత చేసియు ఆ ఉద్యానమువారు, ‘ఈ కంచె ఎలుగుబంటి చొరరాని గోడ కాదు’ అని యాత్రికులకు స్పష్టముగా చెప్పుదురు. మాకు నచ్చినది ఆ నిజాయితీయే. ముందు పాఠము, తరువాత నియమము, ఆ తరువాత కంచె. ఈ వరుసను మీరు మనస్సున నుంచుకొనుడు.

ఈ కంచె మొదట ఎలుగుబంటి కొరకు పుట్టినది కాదు. 1930వ దశకమున న్యూజీలండు దేశములో బిల్ గాలఘర్ అను రైతు యొక్క గుఱ్ఱము అతని మోటారుకారునకు ఒళ్ళు రుద్దుకొనుచుండెనట. దానిని మాన్పుటకు అతడు కారునకు చిన్న విద్యుత్తు తగులునట్లు ఏర్పాటు చేసెను. గుఱ్ఱము రుద్దుకొనుట మానినది. ఆ ఆలోచనయే పశువుల పొలముల కంచెగా పెరిగినది. గుఱ్ఱము చావలేదు, కారు చెడలేదు, గుఱ్ఱము నేర్చుకొన్నది. కంచె యొక్క ధర్మమంతయు ఈ చిన్న కథలో నున్నది.

ఇక అది పనిచేయు విధము. కంచెకు ప్రాణము ఒక చిన్న పెట్టె. మన రైతులు దానిని ఝట్కా మిషన్ అందురు. బ్యాటరీ నుండి గాని, సూర్యరశ్మిని పట్టు పలక నుండి గాని శక్తిని తీసికొని, దానిని కూడబెట్టి, సుమారు సెకనునకొకసారి తీగలోనికి ఒక దెబ్బగా పంపును. ఆ పెట్టె యొక్క ఒక కొన తీగకును, రెండవ కొన నేలలో దిగగొట్టిన ఇనుప కడ్డీకిని కలుపుదురు. తీగ నంటిన జంతువు నేలపై నిలిచి యుండును గనుక, విద్యుత్తు తీగ నుండి దాని శరీరము గుండా నేలకు దిగి, నేల నుండి కడ్డీ ద్వారా పెట్టెకు తిరిగి వచ్చును. ఈ వలయము పూర్తి అయినప్పుడే దెబ్బ తగులును. తీగపై వ్రాలిన పిచ్చుకకు ఏమియు కాకుండుట, నేలతో దానికి సంబంధము లేకుండుట చేతనే.

అయ్యలారా, అమ్మలారా, ఇచ్చట ఒక్క నిమిషము శ్రద్ధగా వినుడు. ఈ తీగలోని వోల్టేజి అయిదు వేలు మొదలు తొమ్మిది వేల వరకు నుండును. మన ఇంటి లైనులో నున్నది 230 మాత్రమే. తొమ్మిది వేలు చంపనిది, రెండువందల ముప్పది చంపుట యెట్లని మీరు అడుగవచ్చును. చెప్పెదము. కాలువ తూము పూర్తిగా ఎత్తినచో నీరు మనిషిని కొట్టుకొని పోవును; దోసెడు నీటిని ఎంత వేగముతో ముఖముపై చిమ్మినను మనిషి ఉలికిపడును గాని కొట్టుకొని పోడు. లైను తీగ తూము వంటిది. దానిలో విద్యుత్తు ఎడతెగక పారును; కండరములు బిగుసుకొని, పట్టిన చేయి విడువదు, గుండె ఆగును. ఝట్కా పెట్టె దోసిలి వంటిది. దాని దెబ్బ సెకనులో వెయ్యవ వంతు కంటెను తక్కువ కాలము మాత్రముండును. తరువాత ఒక సెకను విరామము. ఆ విరామములో జంతువు విడివడి వెనుకకు పోవును. ఒక్కొక్క దెబ్బలోని శక్తి 5 జౌళ్ళకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము నిర్ణయించినది. ఎలుగుబంట్లకు 0.7 జౌళ్ళకు తగ్గని పెట్టె వాడవలెనని అమెరికాలో సలహా చెప్పుదురు. కనుక ప్రమాణముద్ర గల పెట్టెనే కొనవలయును. ఇంటిలో ఎవరో చేతితో కూర్చినది, ఎంత చవుకైనను, పిల్లల దరికి రానీయరాదు.

శిబిరమునకు తీసికొని పోవు కంచెలో భాగములు కొద్ది. గాజునారతో గాని ప్లాస్టికుతో గాని చేసిన తేలిక గుంజలు. సన్నని ఉక్కుపోగులను కలిపి పేనిన ప్లాస్టికు తాడు. పెట్టె, బ్యాటరీ, నేలకడ్డీ, హెచ్చరిక పలకలు. అలాస్కాలో ఇద్దరు ముగ్గురు నిద్రించుటకు చాలు కంచె రెండు కిలోల లోపు బరువున, టార్చిలైటు బ్యాటరీలతో నడచునది కలదు. మన వంటి పెద్ద శిబిరమునకు అంతకు మించిన సామగ్రి కావలయును గాని, అదియును ఒక బండిలో పట్టును. తీగలు నాలుగైదు వరుసలుండవలయును. అడుగు తీగ నేలకు జానెడెత్తున నుండిన గాని జంతువు క్రింద దూరకుండదు. పై తీగ మూడడుగులకు తక్కువ కారాదు. డేరాలకును తీగలకును నడుమ పిల్లవాడు నిద్రలో చేయి చాచినను అందనంత ఎడముండవలయును.

మన నేలను గూర్చి ఒక మాట. పైన చెప్పిన వలయములో సగము త్రోవ నేల ద్వారా సాగును. తడినేలలో అది సులభము. మన కొండ దాపున ఎండిన మొరము, క్రింద బండ. కడ్డీ దిగదు, దిగినను విద్యుత్తు పారదు. అట్టిచోట తీగ నంటిన జంతువునకు దెబ్బ తెలియనే తెలియదు. దీనికి ఉపాయ మేమనగా, తీగలను ఒకటి విడిచి ఒకటిగా నేలకడ్డీ వైపునకు కలుపుట. అప్పుడు జంతువు రెండు తీగల నడుమ తల దూర్చినంతనే వలయము తీగలలోనే పూర్తియగును. కడ్డీ చుట్టును బిందెడు నీరు పోయుటయు మంచిదే. అలాస్కాలో గడ్డకట్టిన నేలకును, మన ప్రాంతపు మాడిన నేలకును ఈ విషయమున ఒకే వైద్యము.

ఎలుగుబంటి ఒడలు దట్టమైన వెంట్రుకలతో కప్పబడి యుండును. వెంట్రుక విద్యుత్తును సులభముగా పోనీయదు. అందుచేతనే అంత వోల్టేజి కావలసి వచ్చినది. అయితే ఎలుగుబంటి క్రొత్త వస్తువును మొదట ముక్కుతో పరీక్షించును. మన ఎలుగుబంటి మూతిపై వెంట్రుకలు పొట్టివి, ముక్కు తడిది. కంచె ఆ ముక్కునకే పాఠము చెప్పును. కాని పరుగెత్తి వచ్చునది ముక్కుతో పరీక్షింపదు. దెబ్బ తెలియు లోపల తీగలను త్రెంచుకొని లోపల పడును. కనుక ఎలుగుబంటి తీరికగా, అనుమానముతో కంచెను సమీపించునట్లు మనము మెలగవలెను గాని, దానిని తరిమి, అరచి, రాళ్ళు రువ్వి కంచె మీదికి నెట్టరాదు. మరియు తీగ నంటిన పచ్చిగడ్డి ప్రతిదియు విద్యుత్తును నేలలోనికి దొంగిలించును. గడ్డి కోయవలయును, సాయంకాలము, పరుండబోవు ముందు, కొలత పరికరముతో తీగను పరీక్షించి వోల్టేజిని పుస్తకమున వ్రాయవలయును. బ్యాటరీ చచ్చిన కంచె ఉట్టి తాడు. ఒకసారి అట్టి తాడును దాటి తిండి సంపాదించిన ఎలుగుబంటి మరునాటి నుండి ఏ కంచెకును భయపడదు.

కంచె మీద కూడని నమ్మకము పెట్టుకొనరాదు. మన కర్ణాటకములోను తమిళనాటను ఏనుగుల కొరకు కట్టిన సౌరవిద్యుత్ కంచెలను చూచితిరా? దంతము గుండా విద్యుత్తు పారదని గ్రహించి, దంతముతో తీగను త్రెంచిన ఏనుగులు గలవు. మృగమునకును బుద్ధి కలదు. దానికి లోపల లాభము కనబడినచో ఉపాయము వెదకును. లాభము లేనప్పుడు ఒక్క దెబ్బతో మరలిపోవును. కనుక కంచె బలము తీగలో సగము, మన వంటపాకలో సగము.

అందుచేత లోపలి నియమములను చెప్పుచున్నాము. వంటయు భోజనమును డేరాలకు దూరముగా, సూర్యాస్తమయమునకు ముందే ముగియవలయును. గిన్నెలు కడిగిన నీరు గోతిలో పోసి పూడ్చవలయును. డేరాలో ఏ పిల్లవాని సంచిలోను తినుబండారముండరాదు. తల్లులారా, మీ మీద మాకు గల ఫిర్యాదు ఇదియొక్కటే. ‘వద్దు’ అని వ్రాసి పంపినను, పిల్లవాడు ఆకలికి తాళలేడని దుస్తుల మడతలలో నువ్వుండలు, కజ్జికాయలు, వేరుశనగ పాకముండలు పెట్టి పంపుదురు. ఇంటియొద్ద అది ప్రేమ. కొండ దాపున అది ఎలుగుబంటికి వ్రాసిన ఆహ్వానము. దయచేసి ఈ మారు ఆ ప్రేమను పిల్లలు తిరిగి వచ్చిన నాటికి దాచి యుంచుడు.

ఇంకొకటి చెప్పుటకు మొగమోట పడరాదు. రాత్రి పిల్లవానికి బయటికి పోవలసి వచ్చును. చిన్నవాడు ఉపాధ్యాయుని లేపుటకు సిగ్గుపడి, చీకటిలో తీగ క్రింద దూరి పొదల దాపునకు పోయినచో, మనము కట్టిన కంచె అంతయు వృథా. ఎలుగుబంటి లోనికి వచ్చుట కంటె పిల్లవాడు బయటికి పోవుటయే మాకు ఎక్కువ భయము. తీగ క్రింద ప్రాకుట మరింత ప్రమాదము. తలకు తగిలిన దెబ్బ చేతికి తగిలిన దెబ్బ వంటిది కాదు. కనుక మరుగుదొడ్డి కంచె లోపలనే ఏర్పాటు చేయుదుము. దానికి దీపముండును, రాత్రి యెల్ల ఇద్దరు పెద్దలు వంతుల ప్రకారము మేలుకొని యుందురు. ‘లేపుటకు సిగ్గుపడవద్దు, లేపినందుకు ఎవరును కోపపడరు’ అని పిల్లలకు మేము చెప్పెదము. మీరును ఇంట చెప్పుడు.

కంచెకు వెలుపల నున్నవారును మనవారే. ఆ కొండ దాపున గొఱ్ఱెల కాపరులు రాత్రివేళ మందలతో నడచుదురు. వారికి మన కంచె సంగతి తెలియదు. హెచ్చరిక పలకలు మొదట కన్నడమున, తరువాత తెలుగున, ఉర్దూన వ్రాయించుచున్నాము. చదువురాని వారికై తీగ నంటిన చేతి బొమ్మయు, మెరుపు గుర్తును వేయించుచున్నాము. మన భాషను నిలుపుకొనుటకే యీ పాఠశాలను కట్టుకొన్నాము. కాని అపాయమును తెలుపవలసినచోట ఎదుటివాని భాషయే ముందు రావలయును. మన పిల్లలు ఆ పలకలను తమ చేతులతోనే వ్రాయుదురు.

ఇక లైను తీగ మాట. రైతు సోదరులారా, రాత్రియంతయు కష్టపడి కాచిన పంట తెల్లవారునప్పటికి పందుల పాలయినచో కలుగు దుఃఖము మాకు తెలియును. కాని లైను నుండి లాగిన తీగకు పంది యెవరో, ఎలుగుబంటి యెవరో, మీ తమ్ముడెవరో తెలియదు. ఆ తీగలకు చిక్కి ఏనుగులు చచ్చుట, నీరు కట్టుటకు పోయిన మనుషులు చచ్చుట, కట్టినవాడు తానే మరచి దానిపై పడి చచ్చుట ఒడిస్సాలోను, కర్ణాటకములోను, తమిళనాటను, ఆంధ్ర తెలంగాణములలోను జరుగుచునే యున్నది. 2003 నాటి విద్యుచ్చట్టము ప్రకారము లైనునకు అక్రమముగా తీగ తగిలించుట దొంగతనము. దాని వలన మనిషి చనిపోయినచో అది అంతటితో పోవునది కాదు. చట్టమును విడిచినను, ఆ తీగ ఎవరికిని ఏ పాఠమును చెప్పదు. చచ్చిన ఎలుగుబంటి ఏమి నేర్చుకొనును? దాని స్థానమున వచ్చు మరియొకటి ఏమి నేర్చుకొనును? ఝట్కా కంచె దెబ్బ తిన్న మృగము బ్రతికి యుండి, ఆ దారిని విడిచి, తన పిల్లలను ఆ దారికి తేకుండును. మన పొలములకును అట్టి కంచెయే తగినది.

తుదకు మా నిర్ణయము. అటవీశాఖవారి అనుమతి లేనిదే శిబిరము నడుపము. అభయారణ్యపు హద్దులలో డేరా వేయము. బండలు, గుహలు, చెదపుట్టలు, పండ్లచెట్లు దాపున లేని బయలు స్థలమునే కోరుదుము. చీకటి పడిన పిదప పిల్లలు కంచె దాటరు. పగలు నడచునప్పుడు గుంపుగా, మాటలాడుచు నడతురు, మనుషులు వచ్చుచున్నారని ఎలుగుబంటికి ముందే తెలియుట కొరకు. కంచెను ఆదివారమునాడు మన ఆటస్థలములోనే కట్టి చూపెదము. మీరందరును రావలయును.

మేము మాటలతో సరిపుచ్చలేదు. సంఘసభ్యులము నలుగురము ఆ తీగను ముందుగా తాకి చూచితిమి. పొడవైన పచ్చిగడ్డి పరకతో తాకినప్పుడు వ్రేళ్ళలో జిల్లుమనెను. పరకను విడిచి వ్రేలితో తాకినప్పుడు, సుత్తితో మోచేతిపై కొట్టినట్లయి, నలుగురిలో పెద్దవారు పలికిన మాట ఈ పత్రికలో అచ్చువేయదగినది కాదు. క్షణములో చేయి దానంతటదియే వెనుకకు వచ్చినది. గాయము లేదు, మచ్చ లేదు. రెండవసారి తాకుడనగా ఒక్కరును ముందుకు రాలేదు. ఎలుగుబంటియు అట్లే ఆలోచించునని మా ఆశ. గుండెజబ్బు గలవారును, గుండెకు యంత్రము అమర్చుకొన్నవారును, గర్భిణీ స్త్రీలును, పిల్లలును దీనిని తాకి చూడరాదు.

నిరుడు ప్రశ్న అడిగిన తల్లి ఈ సభలో నున్నది. అమ్మా, మీ ప్రశ్నకు మా సమాధాన మిది: ఎలుగుబంటి రాదని మేము ప్రమాణము చేయలేము. వచ్చుటకు కారణము మేము కల్పింపము. వచ్చినచో దాని ముక్కునకును మీ బిడ్డకును నడుమ పనిచేయుచున్న తీగయుండును. ఆ తీగ పనిచేయుచున్నదో లేదో చూచు పెద్దలు మేలుకొని యుందురు. ఇంతకు మించి చెప్పినచో అసత్యమగును. ఇది విని మీరు బిడ్డను పంపినను మాకు సంతోషమే. పంపకున్నను మీ యెడల మా గౌరవము తగ్గదు. సమ్మతి పత్రములు ఉపాధ్యాయులవారి యొద్ద నున్నవి. ఇంటికి పోయి, చదివి, ఇద్దరును ఆలోచించి, తరువాతనే సంతకము చేయుడు.

కొండ మీద అది బ్రతుకవలెను, కొండ క్రింద మన పిల్లలు నిద్రింపవలెను. రెండును సాధ్యమే యని నమ్మి యీ పనికి పూనుకొంటిమి.